దొరలగుడిలో పెళ్ళిచూపులు

ఆ ఆదివారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నా కాళ్ళు నేల మీద నిలవలేదు. కూతురికి పెళ్ళిచూపులంటే ఏ తల్లికైనా హడావిడే, కాదనను. కానీ నా హడావిడి వేరు. మగపెళ్ళివాళ్ళు మనసులో ఏమనుకుంటున్నారో ఆ రోజు నా చెవులతో నేనే వినబోతున్నాను. కోనసీమ మొత్తం మీద ఏ పెళ్ళికూతురి తల్లికీ పట్టని అదృష్టం ఈ ముత్యాలుకి పట్టబోతోంది! అదంతా మా ఇంటి చలవ.

మా ఇంటి గురించి చెప్పాలి. మామిడికుదురు దాటాక కాలవ గట్టున, కొబ్బరి తోటల మధ్య ఎర్ర ఇటుకల గోడలతో ఎత్తుగా ఒక కట్టడం కనిపిస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని దొరలగుడి అంటారు. ఓడల్లో వ్యాపారానికొచ్చిన దొరలెవరో ప్రార్థన చేసుకోవడానికి కట్టుకున్నారట. ఎన్ని వందల ఏళ్ళ కిందటిదంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. దొరలు పోయాక ఊళ్ళో క్రైస్తవులు చాలాకాలం అందులోనే ప్రార్థన చేసుకున్నారు. వాళ్ళు రోడ్డు మీద కొత్త చర్చి కట్టుకున్నాక ఇది కొన్నాళ్ళు కొబ్బరికాయల కొట్టయింది. ఆఖరికి మురళీమోహన్ అనే బిల్డరు కొని, లోపల అడ్డగోడలు పెట్టించి, నాలుగిళ్ళు చేసి అమ్మాడు. అందులో తూర్పు వైపుది మాది. ఒకప్పుడు పాదిరిగారు నిలబడి ప్రార్థన చేసిన చోటు ఇప్పుడు మా ముందుగది.

"చర్చిలో కాపురమేంటే ముత్యాలూ, ఊళ్ళో ఇంకిళ్ళే లేవా?" అని మా ఆడపడుచు మూతి తిప్పింది. తిప్పుకోనీ. గృహప్రవేశం రోజున ఆవు లోపలికొచ్చింది, పాలు చక్కగా తూర్పుకే పొంగాయి. ఆవుకీ పాలకీ లేని అభ్యంతరం ఈవిడకెందుకు?

ఆ ఇల్లు నేను కప్పు చూసి కొన్నాను. తల వెనక్కి వాల్చి చూడాలి, అంత ఎత్తు. గుండ్రంగా వంపు తిరిగి, సున్నం వేసి, తెల్లగా ఉంటుంది. కువైట్‌లో నేను వంటమనిషిగా చేసిన ఇంట్లో నాకిచ్చిన గది కప్పు చెయ్యెత్తితే తగిలేది. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు, గట్టిగా నవ్వకూడదు, పాట పాడితే పెద్ద మేడం గంట కొట్టేది. అన్నేళ్ళ మాటలూ నా కడుపులో పేరుకుపోయాయి. ఈ కప్పు కింద నిలబడి మొదటిసారి "ఏమండీ!" అని మా ఆయన్ని పిలిస్తే ఆ పిలుపు ఇల్లంతా తిరిగొచ్చింది. అంతే, ఇదే మనిల్లు అన్నాను.

ఒక్క చిక్కుంది. అంత బరువైన పాతకాలపు వంపుకి కొత్త గోడలు ఆనించకూడదని ఇంజినీరు చెప్పాడట. అందుకని అడ్డగోడలన్నీ అటకంత ఎత్తులో ఆగిపోయాయి. నాలుగిళ్ళకీ కలిపి పైన ఒకటే కప్పు. బిల్డరు ఫాల్ సీలింగ్ వేయించుకోమంటే నేనే వద్దన్నాను. ఎత్తు చూసి కొనుక్కున్నదాన్ని, దాన్ని నేనే మూసుకుంటానా?

దాంతో ఒకింట్లో పోపు ఘాటుకి ఇంకో ఇంట్లో దగ్గుతారు. సరే, అది మామూలే. చిత్రమేమిటంటే, మా ముందుగదిలో గుసగుసగా అన్న మాట కూడా ఆ వంపు మీదుగా జారి, ఎదురు మూలనున్న మాణిక్యాలరావు మాస్టారి వంటింట్లో పడుతుంది. మధ్యలో ఎక్కడా వినపడదు. సరిగ్గా ఆ వంటింట్లో, పొయ్యి గట్టు దగ్గర, చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. మేం దిగిన కొత్తలో మాస్టారి భార్య శ్రీవాణి కొబ్బరి పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చి, ఇటూ అటూ నలిగి చెప్పింది.

"అక్కా, ఏమీ అనుకోకండి. నిన్న మీరు బావగారితో మా ఆయన బట్టతల గురించి అన్న మాట మా వంటింట్లో వినపడిందండి. ఆయన పొద్దున్నించీ అద్దం దగ్గరే ఉన్నారండి."

నాకు తల కొట్టేసినట్టయింది. పడమటి వైపు ఇంట్లో ఉండే ఎలక్ట్రీషియన్ మోషే నవ్వి సంగతి చెప్పాడు. "మా నాయనమ్మ చెప్పేదండి. పాదిరిగారు గొంతు చించుకోకుండా ప్రార్థన చేసినా, ఆ మూలన గోడకానుకుని నిలబడ్డ ముసిలోళ్ళకి వినపడాలని అలా కట్టేరంటండి. ఆయ్." ఆ రోజు నుంచీ ముందుగదిలో మాస్టారి బట్టతల ఊసెత్తలేదు. మిగతావన్నీ ఎత్తాను.

ఇంక సంబంధం సంగతి. మా సాయిదుర్గ రాజోలులో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. దానికి సంబంధం చూడమని అందరికీ చెప్పినప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. అల్లుడికి ఆస్తి లేకపోయినా పర్వాలేదు, రంగు తక్కువైనా పర్వాలేదు, గల్ఫుకి మాత్రం వెళ్ళకూడదు. ఎందుకంటారా? నా కాపురమే అందుకు. మా ఆయన గంగయ్య మస్కట్‌లో లారీ నడిపారు. నేను కువైట్‌లో వండాను. పిల్ల అప్పనపల్లిలో మా అమ్మ దగ్గర పెరిగింది. ముగ్గురం మూడు చోట్ల. మొగుడి జ్వరం ఫోన్లో, పిల్ల పరీక్షలు ఫోన్లో, మా అమ్మ చావు కూడా ఫోన్లోనే. అటువంటి కాపురం నా కూతురికి వద్దు.

పి.గన్నవరం నుంచి కుమారస్వామి సంబంధం వచ్చింది. దోహాలో ఏసీ మెకానిక్‌గా చేసి వచ్చేశాడు, సెంటర్లో షాపు పెట్టుకుంటాడు, ఇంక వెళ్ళడు అని మధ్యవర్తి ఒట్టేసి చెప్పాడు. ఈ "ఇంక వెళ్ళడండీ" అనే మాట మా వైపు ఎంతమంది ఆడపిల్లల కొంప ముంచిందో నాకు తెలుసు. మా చెల్లెలి కూతురికీ అలాగే చెప్పారు. తాళికి రాసిన పసుపు ఆరకముందే అల్లుడు హైదరాబాదులో విమానం ఎక్కేశాడు.

అయితే ఈసారి ఇంకో సంగతి కూడా ఉంది. మధ్యవర్తి ఫోన్ నంబరిస్తే సాయిదుర్గ అతనితో ఒకసారి మాట్లాడింది. "ఎలా మాట్లాడేడే?" అని అడిగితే, "బాగానే మాట్లాడేడు" అని వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి, అందులో ఏమీ తీసుకోకుండా అలా చూస్తూ నిలబడింది. అప్పుడే అర్థమైంది నాకు. పిల్ల మనసు పడింది. ఇప్పుడు ఆ అబ్బాయి వెళ్ళిపోయే రకమైతే దాని గతేం కాను? నాకు నిజం తెలియాలి. ముందే తెలియాలి.

పెళ్ళిచూపుల్లో ఒక మర్యాద ఉంది. పిల్లని చూశాక మగపెళ్ళివాళ్ళు "మేం ఒకసారి మాట్లాడుకుంటామండీ" అంటారు. మనం లేచి అవతలికి పోవాలి. కాసేపటికి వాళ్ళు బయటికొచ్చి "ఇంటికెళ్ళి కబురు పెడతామండీ" అంటారు. ఈ రెండు మాటల మధ్యలో ఏం జరిగిందో ఆడపెళ్ళివాళ్ళకి ఎప్పటికీ తెలీదు. నాకు తెలుస్తుంది! నిజం అక్కడే మాట్లాడుకుంటారు కదా. శ్రీవాణి వంటింట్లో పొయ్యి గట్టు దగ్గర నిలబడితే చాలు.

శ్రీవాణికి చెబితే ఆవిడ కళ్ళు మెరిశాయి. "తప్పేమో అక్కా" అంటూనే, "ఆ టైముకి ఫ్రిజ్ కూడా ఆపేస్తానండి, అది గుర్రుమంటది" అంది. మా ఆయనకి చెప్పలేదు, చెబితే వద్దంటారు. సాయిదుర్గకీ చెప్పలేదు, చెబితే చంపేస్తుంది.

కారు ఆగింది. దిగినవాళ్ళు ముగ్గురు. కుమారస్వామి, వాళ్ళమ్మ ఆదిలక్ష్మి గారు, ఆవిడ తమ్ముడు వీరవెంకటరమణ గారు. ఆవిడ సన్నగా, బొట్టు పెద్దగా, ముక్కుకి ఇంత లావు పుడకతో ఉంది. పెత్తనమంతా ఆ తమ్ముడిదేనని కుర్చీలో కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. కుర్రాడు మాత్రం చెప్పులు విప్పి, వాటిని తిన్నగా పక్కన పెట్టి మరీ లోపలికొచ్చాడు. నాకు నచ్చేశాడు, ఏం చెప్పను!

వీరవెంకటరమణ గారు కప్పు వైపు చూసి గుటక మింగారు. "ఇది... గుడి కదండీ?"

"ఇప్పుడు ఇల్లండి," అన్నాను. "పూతరేకులు తీసుకోండి. ఆత్రేయపురం నుంచి తెప్పించేమండి."

"లోపల సమాధులూ గట్రా..."

"పునాదులకి తవ్వినప్పుడు కొబ్బరి పీచు తప్ప ఏం రాలేదండి," అన్నారు మా ఆయన నెమ్మదిగా. ఆయన రోజుకి మాట్లాడేది ఆ మాత్రమే, ఆ రోజు కోటా అయిపోయింది.

ఉప్మా వడ్డిస్తూ నేను మాట కలిపినట్టే అడిగేశాను. "అబ్బాయి మళ్ళీ దోహా వెళ్ళడు కదండీ?"

కుమారస్వామి నోరు తెరిచాడు. అంతలో మేనమామగారు "ఆయ్! ఇంక వెళ్ళడమేంటండీ! షాపు కూడా చూసేసేమండి!" అని, మేనల్లుడి చేతిలో ఇంకో పూతరేకు పెట్టి "తినరా" అన్నారు. ఆ పూతరేకు అబ్బాయి నోరు మూయించడానికేనని నాకు అనుమానమొచ్చింది.

సాయిదుర్గ వచ్చి కూర్చుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది, తల దించుకోలేదు. కుర్రాడు చాలాసేపు ఆలోచించి, "మీ ల్యాబ్ పొద్దున్నే ఎన్నింటికి తెరుస్తారండీ?" అని అడిగాడు. మా అమ్మాయి "ఏడింటికండి. టెస్టుకయితే ఏమీ తినకుండా రావాలండి" అంది. "మరి తినేసేనండి," అన్నాడు చేతిలో పూతరేకు చూపించి. ఇద్దరూ నవ్వారు. అదీ వాళ్ళ మాటల వరస! ఆదిలక్ష్మి గారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భగవంతుడా, ఈ సంబంధం నిజమైందయితే బాగుండును!

అప్పుడు వీరవెంకటరమణ గారు గొంతు సవరించుకున్నారు. "మేం ఒకసారి మాట్లాడుకుంటామండి."

ఆ మాట కోసమే కాచుకున్నాను. "ఆయ్, తప్పకుండానండి!" అని ఒక్క ఉదుటున లేచాను. మా ఆయన వీధి అరుగు మీదికి వెళ్ళారు. సాయిదుర్గ గోడవతల తన గదిలోకి వెళ్ళింది. నేను పెరటి గుమ్మంలోంచి బయటపడి, పట్టుచీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని పరుగందుకున్నాను. పీచు ఒలిచి పడేసిన కొబ్బరి డొక్కల పోగు మీద కాలు పడి చెప్పు ఊడింది. ఊడితే ఊడిందని ఒంటి చెప్పుతోనే చుట్టూ తిరిగి శ్రీవాణి వంటింట్లో తేలాను.

అక్కడ సభ కొలువు తీరి ఉంది. శ్రీవాణి ఫ్యాను, ఫ్రిజ్, టీవీ అన్నీ ఆపేసింది. మాస్టారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "ఇది పద్ధతి కాదు సుమండీ" అంటూ కుర్చీ ఇంకొంచెం గట్టు దగ్గరికి జరుపుకున్నారు. మోషే స్క్రూడ్రైవరు పట్టుకుని స్విచ్చిబోర్డు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వెందుకొచ్చేవయ్యా?" అన్నాను గుసగుసగా.

"స్విచ్చి బాగుచెయ్యడానికండి."

"ఏమైంది స్విచ్చికి?"

"ఇంకా ఏమీ అవలేదండి."

శ్రీవాణి మూతి మీద వేలేసుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను, నా సంగతి నాకు తెలుసు కనుక.

పైనుంచి మాట రాలింది. ఆదిలక్ష్మి గారి గొంతు, పక్కన నిలబడి చెప్పినట్టే ఉంది. "పిల్ల బావుందిరా. కళ్ళు దించలేదు, అదే నాకు నచ్చింది." శ్రీవాణి నా చెయ్యి నొక్కింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"పిల్లకేంటక్కా, బానే ఉంది," మేనమామగారు అందుకున్నారు. "ఈ కొంపే, లోపలికి రాగానే వెన్నులో జలదరించింది. సరే, పెళ్ళయ్యాక మనకేంటి ఇక్కడ పని? కానిచ్చేద్దాం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వీసా సంగతి ఇప్పుడు నోరెత్తకండి."

శ్రీవాణి నా చెయ్యి వదిలేసింది.

"మావయ్యా, అది కాదు..." కుర్రాడి గొంతు.

"నువ్వూరుకోరా. తాంబూలాలు పుచ్చుకోనీ. మూడు ముళ్ళూ పడనీ. అప్పుడు చెబుదాం. అప్పుడు ఆళ్ళు చేసేదేముంది? పెళ్ళయిన నెల్లోపు నువ్వక్కడ డ్యూటీలో ఉండాలి."

"మావయ్యా, ఒక్క మాట వినండి..."

ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఆ ఒక్క మాటేమిటో నేనూ వినేదాన్ని. ఉండలేకపోయాను. కొంగు నోట్లోంచి ఎప్పుడు జారిందో నాకే తెలీదు.

"ఓరి మీ దుంపతెగా!" అన్నాను. శ్రీవాణి నా నోరు మూయబోయింది. ఆవిడ చెయ్యి తోసేశాను. "విన్నారా మాస్టారూ? మూడు ముళ్ళూ పడ్డాక చెప్తారంట! మేం గొర్రెల్లా కనపడుతున్నామా? ఆ బొజ్జాయన, నా పూతరేకులు ఆరు లాగించి, నా కొంపకి జలదరించేడంట! ఆవిడేమో తల్లి అయ్యుండి నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చుంది. ఆ ముక్కుపుడక చూసేవా శ్రీవాణీ, సైకిలు డైనమో లైటు లాగ! ఆ వెలుతురులో కొడుకు మొహం కనపడదా ఆవిడకి?"

"అక్కా, గట్టిగా..."

"గట్టిగానే అంటాను! కువైట్లో అన్నేళ్ళు నోరు మూసుకున్నాను, నా ఇంట్లో కూడానా? నీకు తెలీదమ్మా నా బాధ. దీన్ని చంటిపిల్లప్పుడు వదిలేసి వెళ్ళేను. మొదటిసారి సెలవు దొరికి వచ్చేటప్పటికి స్కూలుకెళ్తోంది. అప్పనపల్లిలో మా అమ్మింటి గుమ్మంలో నిలబడి చేతులు చాపేను. 'అమ్మొచ్చిందే' అంది మా అమ్మ. నా పిల్ల నా మొహం ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, గూట్లో ఉన్న సెల్‌ఫోను దగ్గరికి పరిగెత్తింది శ్రీవాణీ! ఆ ఫోను గుండెలకి పెట్టుకుని దొడ్లోకి పారిపోయింది. దానికి అమ్మంటే నేను కాదు, ఆ ఫోను! చేతులు చాపుకుని అలా నిలబడిపోయేను నేను. ఇప్పుడు దాని కడుపున పుట్టే పిల్ల కూడా నాన్నంటే ఫోనే అనుకోవాలా? చచ్చినా ఒప్పుకోను. దానికి వాడంటే ఎంత ఇష్టమైనా సరే, అది వారం రోజులు ఏడ్చినా సరే, ఈ సంబంధం నాకొద్దు!"

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

అప్పుడు పైనుంచి వీరవెంకటరమణ గారి గొంతు వణుకుతూ దిగింది. "అక్కా... పైనుంచి... ఎవరో ఆడగొంతు... ఎవరండీ? ఎవరది?"

ఆ వెనకే నింపాదిగా ఇంకో గొంతు. మా ఆయనది. కేకలకి అరుగు మీద నుంచి లోపలికొచ్చినట్టున్నారు. "మా ఆవిడండి. మాస్టారి వంటింట్లో ఉంది. కంగారు పడకండి. కూర్చోండి."

శ్రీవాణి వైపు తిరిగాను. "శ్రీవాణీ, ఇక్కడి మాటలు అక్కడికి వినపడతాయా?"

"మీకు తెలీదా అక్కా? మీకు మాత్రం మా మాటలు వినపడవా?"

ఎలా వినపడతాయి? నేను ముందుగదిలో నోరు మూసుకుని కూర్చున్నదెప్పుడు? ఆ ఇంట్లో దిగిన దగ్గర్నుంచీ మాట్లాడుతూనే ఉన్నానాయె! బొజ్జా, పూతరేకులూ, డైనమో లైటూ, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి గోడకి జారబడ్డాను. అయిపోయింది. వద్దనుకున్నా నేనే మర్యాదగా వద్దనాలి గానీ, ఇంత రభస చేసి నా కూతుర్ని ఊళ్ళో అల్లరి పాలు చేశాను. అది తన గదిలో కూర్చుని ప్రతి ముక్కా విని ఉంటుంది.

"అండీ!" అని కుర్రాడి గొంతు. ఈసారి గుసగుస కాదు. "వంటింట్లో ఉన్న అమ్మగారూ! నేను చెప్పేది కూడా వినండి!"

కొంగు మళ్ళీ నోట్లో కుక్కుకున్నాను.

"వీసా నిజమేనండి. మావయ్య తెప్పించేరు. నేను అడగలేదండి. వెళ్ళనని నిన్నట్నుంచీ చెప్తన్నాను, ఎవరూ విననివ్వట్లేదు. మేడల మీద ఎండలో ఏసీలు బిగించి, రాత్రి మా అమ్మని ఫోన్లో చూసుకుని పడుకునేవోణ్ణి. నాకు చాలండి. నేను వెళ్ళనండీ!"

ఆఖరి మాట ఎంత గట్టిగా అన్నాడంటే, మా కప్పు దాన్ని పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంది. వెళ్ళనండీ, వెళ్ళనండీ, వెళ్ళనండీ అని నాలుగిళ్ళలోనూ తిరిగింది.

"ఒరేయ్, ఏజెంటుకి మాటిచ్చేనురా! నా పరువేం కావాలి?" మేనమామగారు.

"నీ మాట నువ్వే చూసుకో తమ్ముడూ," అంది ఆదిలక్ష్మి గారు. ఆవిడ గొంతులో అంత పదునుంటుందని నేననుకోలేదు. "ఆడు వెళ్ళనంటే నాకు గుండెల మీద బరువు దిగినట్టుంది. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నా కొడుకు నా కళ్ళెదురుగా ఉంటాడు. అంతే."

మళ్ళీ ఆవిడే, ఈసారి కప్పు వైపు మొహం పెట్టి మాట్లాడినట్టుంది.

"వదినగారూ! ఇది మా అత్తగారి ముక్కుపుడకండి. పెద్దగానే ఉంటది, ఏం చెయ్యను? ఇంక ఇటొచ్చి కాఫీ ఇయ్యండి!"

వదినగారూ అంది! వియ్యపురాలిని పిలిచే పిలుపు! నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నోట్లోంచి నవ్వు తన్నుకొస్తోంది. శ్రీవాణి నన్ను వాటేసుకుంది. మోషే స్క్రూడ్రైవరు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. మాస్టారు "అబ్బాయి గొంతు బాగుందండీ" అన్నారు, ఇంకేమనాలో తెలీక.

"వస్తన్నా వదినగారూ!" అని అరిచాను. "అమ్మాయి మాట కూడా అడగండి ముందు!"

అడగక్కర్లేకపోయింది. గోడవతల గదిలోంచి సాయిదుర్గ గొంతు వచ్చింది, తొణక్కుండా. "నాకు ఇష్టమేనండి. మా అమ్మ ఒప్పుకుంటే."

మళ్ళీ కుచ్చెళ్ళు పట్టుకుని పరిగెత్తాను. దారిలో ఊడిన చెప్పు కనిపించినా వేసుకోలేదు. గుమ్మంలో ఆదిలక్ష్మి గారు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేను క్షమాపణ చెప్పబోతే, "మీరన్నది నా మనసులో మాటేనండి, నాకు నోరు లేదంతే," అంది. వీరవెంకటరమణ గారు మాత్రం పూతరేకుల పళ్ళెం వైపు కూడా చూడకుండా కారులో కూర్చున్నారు. కాఫీ గ్లాసు మా ఆయనే పట్టుకెళ్ళి ఇచ్చారు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు, గ్లాసు ఖాళీగా వెనక్కొచ్చింది. "ఇంటికెళ్ళి కబురు పెడతామండీ" అని ఎవరూ అనలేదు. ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామనే మాటలతోనే కారెక్కారు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన మీద పడ్డాను. "శ్రీవాణి వాళ్ళ మాటలు ఇక్కడికి వినపడతాయని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఆగితే చెబుదామనుకున్నాను," అన్నారాయన. "మాస్టారు పాత పద్యాలు బాగా చదువుతారు. నువ్వు బజారుకెళ్ళినప్పుడు వింటూంటాను."

సాయిదుర్గ చీర మార్చుకుంది, పళ్ళేలు కడిగింది. ఒకటి రెండుసార్లు నా వైపు చూసి మళ్ళీ పనిలో పడింది. దానికి కోపమొచ్చిందేమోనని నాకు లోపల పీకుతూనే ఉంది. దీపాలు పెట్టే వేళకి నా దగ్గరికొచ్చి, ముందుగదిలో కుర్చీ వేసి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు ఇక్కడే కూర్చో అమ్మా. మాట్లాడకు. నేనొచ్చేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకు."

"ఎక్కడికే?"

"చెప్పేను కదా, మాట్లాడకు," అని వెళ్ళిపోయింది.

కూర్చున్నాను. నోరు మూసుకున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటే చెవిన పడ్డాయి. శ్రీవాణి గాజులు. గిన్నె మూత. మాస్టారి దగ్గు. ఇన్నాళ్ళూ ఇవన్నీ నా నెత్తి మీద జరుగుతూనే ఉన్నాయన్నమాట. "అలా అవతల గదిలో కూర్చుంటాం అమ్మా, నువ్వు కానియ్యి" అని శ్రీవాణి ఎవరితోనో అంది. తలుపు చప్పుడైంది. ఆ పైన నా కూతురి గుసగుస వచ్చి నా చెవిలో పడింది.

"అమ్మా, ఎదురుగా చెప్పలేను. అందుకే ఇక్కణ్ణించి చెప్తన్నాను. పొద్దున్న శ్రీవాణి పిన్నిగారితో అన్నావు చూడు, నేను ఫోను దగ్గరికి పరిగెత్తేనని. నిన్ను గుర్తుపట్టలేదనుకున్నావా? గుర్తుపట్టేనమ్మా. గోడ మీద నీ ఫోటో చూస్తూనే పెరిగేను కదా, గుమ్మంలో చూడగానే గుర్తుపట్టేను. నువ్వు ఎప్పుడూ ఆ ఫోన్లోనే ఉండేదానివి కదా. అందులోంచి ఇప్పుడే బయటికొచ్చేవనుకున్నాను. మళ్ళీ అందులోకి వెళ్ళిపోతావని, దాన్ని పట్టుకెళ్ళి దొడ్డెనక కాలవలో పడేసేను."

ఆ ఫోను పారేసుకుందని మా అమ్మ దాన్ని ఎంత తిట్టిందో నాకు తెలుసు. అది అప్పుడు ఒక్క మాట కూడా చెప్పలేదు.

"పడేసి వచ్చి నీ ఒళ్ళో కూర్చుందామనుకున్నాను. అప్పటికి నువ్వు లోపల పడుకుని ఏడుస్తన్నావు. నీ సెలవు అయిపోయింది, అమ్మమ్మకి కొత్త ఫోను కొనిపెట్టి మరీ వెళ్ళేవు." గుసగుసలోనే చిన్నగా నవ్వింది. "అంతేనమ్మా. చెప్పాలనిపించింది. ఇంక నువ్వు మాట్లాడొచ్చు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడుద్దామని చూశాను. ఆ ఇంట్లో అదెలా కుదురుతుంది?

"ఏడవకమ్మా, వస్తన్నా," అంది పైనుంచి.

ఆ వెంటనే అటు తలుపు తీసిన చప్పుడు, పెరట్లో డొక్కల మీద పరిగెడుతున్న అడుగుల చప్పుడు వినిపించాయి. నేను లేచి, గుమ్మంలోకి వెళ్ళి, చేతులు చాపి నిలబడ్డాను.